శాంటాని సైన్స్ ఫిక్షన్ చేసేసిన ‘క్లాస్’ సిరీస్: పెద్దవాళ్ళ గ్రూప్‌లో పెట్టొచ్చా?

రాత్రిపూట_చదువరి

అందరికీ నమస్తే. మా రీడింగ్ గ్రూప్‌లో డిసెంబర్ నెల పుస్తకం ఎంచే వంతు ఈసారి నాది. టోనీ బెర్టౌస్కీ అనే అమెరికన్ రాసిన క్లాస్ (శాంటా క్లాస్‌లోని క్లాస్) సిరీస్ పెడదామని ఉంది, మొదటి పుస్తకం ‘క్లాస్: లెజెండ్ ఆఫ్ ది ఫ్యాట్ మ్యాన్’ 2012లో వచ్చింది. తెలియనివాళ్ళకి టూకీగా చెప్తా. 1800ల మొదట్లో నికోలస్, జెస్సికా, జాన్ అని ఒక ఫ్యామిలీ, ఇంటిపేరు శాంటా, మనుషుల్లో ఎవరికంటే ముందు నార్త్ పోల్ చేరాలని బయల్దేరతారు, అక్కడ ఐస్ ఏజ్ నాటి నుంచి మిగిలిపోయిన ఒక జాతి కంటబడుతుంది, పొట్టిగా లావుగా ఒళ్ళంతా జుట్టుతో, అరికాళ్ళకి పొలుసులుండి మంచు మీద జారుకుంటూ పోతుంటారు, ఆర్కిటిక్ సముద్రం మీద తేలే మంచులోనే ఇళ్ళు తొలుచుకుని 40,000 ఏళ్ళుగా ఎవరికీ తెలియకుండా బతుకుతుంటారు. వీళ్ళ పేరు ఎల్వెన్. టైమ్ ఆపే మెషీన్లు, మంచుమనిషిని కట్టి నడిపించే గ్రావిటీ గోళాలు, జీన్స్ మార్చిన రెయిన్‌డీర్లు, ముసలితనాన్ని ఆపే విద్య, అన్నీ వీళ్ళ దగ్గర ఉంటాయి. వీళ్ళలోనే ఒకడు ఇలా దాక్కుని బతకడం ఇక చాలు, ప్రపంచాన్ని గెలుద్దాం అంటాడు, వాడికి అడ్డు నిలబడేవాడు క్లాస్.

నాకు నచ్చింది. కానీ గ్రూప్‌లో ఇద్దరు ‘శాంటా కథలేంటండీ, పిల్లలవి’ అని అప్పుడే మొహం తిప్పుకున్నారు. ఇంకొకాయన ఫిజిక్స్ చెప్పేవాడు, టైమ్ ఆపే మెషీన్ అన్న మాట వినగానే ఒక నవ్వు నవ్వాడు, ఆ నవ్వు నాకింకా గుర్తుంది. చదివినవాళ్ళు గానీ, చదవకపోయినా ఈ క్రిస్మస్ జానపదం సంగతి తెలిసినవాళ్ళు గానీ చెప్పండి, దీని మీద పెద్దవాళ్ళు రెండు గంటలు మాట్లాడుకునే సరుకుందా? సిరీస్ మొత్తం చదవాలా, మొదటిది సరిపోతుందా?

పాత_అట్ట_పుస్తకం

మొదటిది సరిపోతుంది. రెండోది మళ్ళీ వేరే కథ, సౌత్ కరోలినాలో ఒక ఎస్టేట్, అందులో ఒక టవర్, గది ఎప్పుడూ గడ్డకట్టేంత చల్లగా ఉండాలనే మిస్టర్ ఫ్రాస్ట్ అనే పొట్టి కోటీశ్వరుడు, ఆయన దగ్గర పనికి చేరిన పదహారేళ్ళ అమ్మాయి. మూడోది షుగర్ జబ్బున్న ఒక పిల్లాడు, చండశాసనురాలైన నాయనమ్మ ఇల్లు, ముత్తాత డైరీలు, అడవిలోంచి వచ్చే మంచుమనిషి. ప్రపంచం ఒకటే గానీ విడివిడిగా చదువుకోవచ్చు.

పిల్లల కథ అన్నవాళ్ళకి మాత్రం నా తరఫున ఇది చదివి వినిపించండి. శాంటా మీద ఇప్పుడు మనకున్న బొమ్మ చాలావరకు 1823లో అమెరికాలో ట్రాయ్ అనే ఊరి పేపర్‌లో పేరు లేకుండా వచ్చిన ఒక పద్యం నుంచి వచ్చింది, తర్వాత అది క్లెమెంట్ మూర్ రాసిందని చెప్పుకున్నారు, ఇప్పటికీ కొందరు కాదంటారు, ఆ గొడవ మనకొద్దు. ఆ పద్యంలో శాంటా మనిషి కాదు! ఎల్ఫ్, అంటే కథల్లో వచ్చే పొట్టి మాయజాతివాడు, అనే ఉంటుంది. బండి చిన్నది, ఎనిమిది రెయిన్‌డీర్లూ చిన్నవే, అందుకే చిమ్నీలో దూరగలుగుతాడు. ఆరడుగుల తాతయ్య తర్వాత తయారయ్యాడు. కాబట్టి ఈ రచయిత క్లాస్‌ని ఎల్వెన్ జాతివాడిని చేయడం కొత్తగా చేసిన తమాషా అనుకుంటాం గానీ ఆయన వెనక్కి, అసలు దగ్గరికి వెళ్ళాడు.

ఇంకా వెనక్కి పోతే అసలు పిల్లల దగ్గర చెప్పలేనివి చాలా ఉన్నాయి. ఆల్ప్స్ కొండల వైపు డిసెంబర్ 5 రాత్రి సెయింట్ నికోలస్ వెంట క్రాంపస్ వస్తాడు, కొమ్ములు, గొలుసులు, చేతిలో బెత్తం కట్ట, వీపున బుట్ట, ఆ బుట్ట మాట వినని పిల్లల్ని వేసుకుపోవడానికి. పెర్ష్టా అని ఒకావిడ ఉంది, ఇంటిపని సగంలో వదిలేసినవాళ్ళ పొట్ట చీల్చి గడ్డి కూరుతుంది. ఐస్‌లాండ్‌లో గ్రిలా అనే రాక్షసి పిల్లల్ని కూర వండుకుంటుంది, ఆవిడ కొడుకులు పదమూడు మంది క్రిస్మస్ ముందు రోజుకొకడు చొప్పున ఊళ్ళోకి దిగుతారు, కొత్త బట్ట కట్టుకోనివాళ్ళని తినే పిల్లి ఒకటి. ఇవి చెప్పి పిల్లల్ని హడలగొట్టడం ఎక్కువైపోయి 1746లో అలా భయపెట్టకూడదని అక్కడ సర్కారే ఉత్తర్వు ఇచ్చింది. ఇది పిల్లల సాహిత్యమా?

పిలగాడు_కరీంనగర్

నేను మొదటిది చదివిన. నిజం చెప్పాలంటే సగం దాక మస్తు నచ్చింది, తర్వాత విసుగు పుట్టింది. ఏందంటే అన్నిటికి మెషీనే. రెయిన్‌డీర్ ఎందుకు ఎగురుతది, జీన్స్ మార్చిన్రు. మంచుమనిషి ఎందుకు నడుస్తడు, లోపల గోళం ఉన్నది. టైమ్ ఎట్ల సరిపోతది, ఆపేసిన్రు. గట్ల ఒక్కోదానికి ఒక్కో బిళ్ళ అంటిస్తుంటే జానపదంల ఉండే భయం ఏడికి పోయింది? క్రాంపస్‌ను జూస్తే భయం ఎందుకంటే వాడెవడో తెల్వదు గాబట్టి. వాడికి కూడ ఒక ల్యాబ్ పెట్టి జన్యులోపం అని రాస్తే నేను భయపడ.

అయినా శాంటా జానపదం ఏంది అన్నా, ఆ ఎర్ర కోటు కోకాకోలా వాళ్ళు కుట్టిచ్చిందే గద. యాడ్ బొమ్మను తీస్కొచ్చి ఐస్ ఏజ్ అంటే ఎట్ల.

పాత_అట్ట_పుస్తకం

కోకాకోలా మాట ప్రతి డిసెంబర్ ఎవరో ఒకరు అంటారు తమ్ముడూ, ఈ ఏడు నీ వంతు. హాడన్ సండ్‌బ్లమ్ అనే ఆర్టిస్టు ఆ కంపెనీకి శాంటా బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1931లో. థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు హార్పర్స్ వీక్లీ అనే అమెరికా పత్రికలో 1863 నుంచీ గీస్తున్నాడు, 1866 బొమ్మలో శాంటా ఊరు నార్త్ పోల్ అని కూడా పెట్టేశాడు, అంటే పోల్ మీద శాంటా ఇల్లు ఆయన కట్టించిందే అనుకో. ఎర్ర కోటు కూడా 1931 కంటే ముందే గ్రీటింగ్ కార్డుల మీద తిరుగుతోంది. కంపెనీ చేసిందల్లా అన్ని రకాల శాంటాల్లో ఒకడిని తీసుకుని లోకమంతా అంటించడం.

భయం పోయిందన్న మాట మాత్రం ఒప్పుకుంటా. అందుకే నాకు విలన్ కంటే క్లాస్ బాగున్నాడు, విలన్ ప్రతిదానికీ వివరణ ఇచ్చుకుంటూ కూర్చుంటే ఇంక జంకేముంటుంది.

లెక్కల_మాష్టారు

ఆ నవ్విన ఫిజిక్స్ ఆయన నేను కాదు, కానీ నేనూ నవ్వేవాడినే :) టైమ్ ఆపడం అనేది రచయితలు తేలిగ్గా అనేస్తారు. చుట్టూ టైమ్ ఆగితే గాలి అణువులు కూడా ఆగుతాయి కదండీ, పక్కకి జరగని గాలిలో మీరు చెయ్యి కూడా కదపలేరు, ఇంక బహుమతుల మూట మోసేదెక్కడ. వెలుతురు కూడా ఆగుతుంది, కంటికి ఏం చేరదు, చిమ్మచీకటి. కాబట్టి ఆపడం కాదు, శాంటా చుట్టూ ఒక బుడగ, అందులో టైమ్ బయటకంటే వేగంగా నడుస్తుంది అనుకుందాం, ఇది కొంచెం మర్యాదగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క. ఊరికే అంచనాకి 20 కోట్ల ఇళ్ళు, ఇంటికి ఒక్క నిమిషం అనుకోండి. 20 కోట్ల నిమిషాలు అంటే దగ్గర దగ్గర 380 ఏళ్ళు. బయట ఎంత టైమ్ ఉంది? పిల్లలు గాఢనిద్రలో ఉండేది 7 గంటలు అనుకుని, తూర్పు నుంచి పడమరకి పోతూ టైమ్ జోన్ల మీద ఇంకో 24 కలుపుకుంటే 31 గంటలు. అంటే బుడగలో టైమ్ సుమారు లక్షా ఏడు వేల రెట్లు వేగంగా పోవాలి. అంత తేడా ఉంటే బయటి మామూలు వెలుతురు లోపలికి వచ్చేసరికి సాగిపోయి 5 సెంటీమీటర్ల రేడియో తరంగం అవుతుంది. కంటికి కనిపించదు. శాంటా ఆ ఇళ్ళల్లో తిరగాలంటే కళ్ళకి బదులు యాంటెన్నా కావాలి.

కానీ నాకు అసలు ఆసక్తి అక్కడ కాదు. 380 ఏళ్ళు అన్నాను చూడండి, అది ఒక్క క్రిస్మస్ రాత్రికి. లోకమంతా నిద్రపోతుంటే ఆయన ఒక్కడు 380 ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి, తెల్లారి ఇంటికొస్తే పెళ్ళానికి ఒక్క రోజే గడిచి ఉంటుంది. ఏమోయ్ భోంచేశావా అంటుంది. ఆయనకి ఆవిడ మొహం గుర్తుంటుందా? ఎల్వెన్ దగ్గర ముసలితనం ఆపే విద్య ఉందన్నారు కదా, అది లేకపోతే మొదటి రాత్రి సగం కాకుండానే శాంటా పోతాడు. మెషీన్ పనిచేస్తుందా లేదా అని మీ ఫిజిక్స్ ఆయనతో వాదించకండి, పనిచేస్తే దాని ఖరీదు ఎవరు కట్టాలి అని అడగండి, ఆయనే గంట మాట్లాడతాడు. కరీంనగర్ తమ్ముడు అన్న విసుగు కూడా అందుకే అనుకుంటా, ఈ పుస్తకంలో మెషీన్లున్నాయి గానీ బిల్లు ఎవరికీ రాదు.

ఔలు_చలి

నేను ఫిన్లాండ్‌లో ఔలులో ఉంటాను, డిసెంబర్లో ఇక్కడ పగలు మూడున్నర గంటలు, సూర్యుడు అలా వచ్చి ఇలా పోతాడు, కాబట్టి ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. మీరంతా టైమ్ మెషీన్ పట్టుకున్నారు, నాకు మాత్రం ఆ ఇళ్ళ దగ్గరే ఆగిపోయింది. నార్త్ పోల్‌లో నేల లేదు. రెండు మూడు మీటర్ల మంచు, దాని కింద నాలుగు వేల మీటర్ల పైన నీళ్ళు. ఆ మంచు ఒకచోట ఉండదు, గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోతూ చివరికి గ్రీన్‌లాండ్ పక్కనుంచి అట్లాంటిక్‌లోకి దిగి కరిగిపోతుంది. 1937 మేలో సోవియట్ వాళ్ళు పోల్ దగ్గర ఒక మంచు పలక మీద నలుగురిని దించి స్టేషన్ పెట్టారు, తొమ్మిది నెలల్లో ఆ పలక వాళ్ళని 2,000 కిలోమీటర్ల పైన మోసుకుపోయింది, చివరికి అది విరిగి చిన్నదైపోతుంటే 1938 ఫిబ్రవరిలో ఓడలొచ్చి తీసుకెళ్ళాయి. అలాంటి చోట 40,000 ఏళ్ళ ఊరా? నా లెక్కలో ఎల్వెన్ వాళ్ళు దేశదిమ్మరులు అయ్యుండాలి, కొన్నేళ్ళకోసారి ఊరు ఊరంతా తట్టాబుట్టా సర్దుకుని ప్రవాహానికి ఎదురు నడిచి కొత్త మంచులో ఇళ్ళు తొలుచుకోవాలి. జారే అరికాళ్ళు అప్పుడు నిజంగా పనికొస్తాయి. పుస్తకంలో ఉన్న ప్రశాంతమైన దాగుడు బతుకు కంటే ఇది నాకు బాగుంది.

ఒళ్ళు మాత్రం రచయిత సరిగ్గానే కట్టాడు. చలి దేశాల జంతువులు గుండ్రంగా, కాళ్ళూ చెవులూ పొట్టిగా ఉంటాయి, బయటికి తేలే చర్మం తక్కువైతే వేడి తక్కువ పోతుంది. కొవ్వూ కావాలి. జుట్టు మాత్రం డౌటే, తడిస్తే లాభం లేదు, సీల్ అందుకే కొవ్వునే నమ్ముకుంది. తిండి అంటారా, సీల్, చేప, తిమింగలం, ఆకుకూర అనేదే లేదు, తిమింగలం తోలులో సి విటమిన్ ఉంది కాబట్టి పచ్చిగా తింటే పళ్ళు ఊడవు, ఆర్కిటిక్ వైపు ఉండే ఇన్యుయిట్ జనం అలాగే నెగ్గుకొచ్చారు. ఎలుగుబంటి లివర్ మాత్రం ముట్టకూడదు, ఎ విటమిన్ ఎక్కువై ప్రాణం మీదికొస్తుంది.

ఇంకొకటి, ఇది మీ గ్రూప్‌లో తప్పక చెప్పండి. 1800ల మొదట్లో పోల్‌కి నడిచి వెళ్ళడం అనేది రచయిత గాల్లోంచి తీసింది కాదు. 1827లో విలియం ప్యారీ అనే బ్రిటిష్ నేవీ ఆఫీసర్ సరిగ్గా అదే పని మీద బయల్దేరాడు, నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర ఓడ వదిలేసి, పడవలకి స్లెడ్జ్ పట్టీలు బిగించి మంచు మీద లాక్కుంటూ ఉత్తరానికి. రోజంతా ఈడ్చి కొన్ని మైళ్ళు నడిచేవాళ్ళు, కింద మంచేమో వాళ్ళని దక్షిణానికి మోసుకుపోయేది. 82 డిగ్రీల 45 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా (పోల్ అంటే 90) వెళ్ళి ఇంక లాభం లేదని తిరిగొచ్చాడు, ఆ రికార్డు దాదాపు 50 ఏళ్ళు నిలిచింది. వెళ్ళేటప్పుడు స్లెడ్జ్ లాగడానికని నార్వేలో హామర్‌ఫెస్ట్ దగ్గర రెయిన్‌డీర్లని ఓడలోకి ఎక్కించుకున్నాడు. ఎన్నో తెలుసా, ఎనిమిది! ఆ పద్యం వచ్చిన నాలుగేళ్ళకి. యాదృచ్ఛికమే అనుకోండి, ఆ మంచు ఎగుడుదిగుడులో అవి పనికిరావని తెలిసి అసలు వాడనేలేదు కూడా. కానీ నవల రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి.

రాత్రిపూట_చదువరి

అబ్బా, ప్యారీ సంగతి నాకు అస్సలు తెలీదు. థ్యాంక్స్ ఔలు గారూ. అంటే పుస్తకంలో ఆ కుటుంబం బయల్దేరే కాలం సరిగ్గా ఆ రోజులదే అన్నమాట. మాష్టారు గారి 380 ఏళ్ళ లెక్క కూడా దించుకున్నా. ఒక్క డౌట్, మగ రెయిన్‌డీర్లకి క్రిస్మస్‌కి కొమ్ములుండవట, అందుకని శాంటావి అన్నీ ఆడవే అని ఫార్వర్డ్ ఒకటి తిరుగుతుంటుంది, నిజమేనా?

ఔలు_చలి

సగం. పెద్ద మగవాటికి జతకట్టే సీజన్ అయ్యాక చలికాలం మొదట్లోనే కొమ్ములు రాలిపోతాయి, ఆడవాటికి వసంతం దాకా ఉంటాయి. కానీ ఇక్కడ రెయిన్‌డీర్లని పెంచుకునే సామి జాతివాళ్ళు బండ్లకి ఎక్కువగా కట్టేది విత్తులు కొట్టించిన మగవాటిని, వాటికి కొమ్ములు ఆలస్యంగా రాలతాయి. కాబట్టి శాంటా బండికి అవి కూడా అయ్యుండొచ్చు, ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఈ ముక్క చెప్పండి, తర్వాత పంపరు :) రెయిన్‌డీర్ కళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది, కంటి వెనక అద్దంలా మెరిసే పొర ఉంటుంది కదా, ఎండాకాలం బంగారు రంగులో ఉండేది చలికాలం చీకట్లో నీలం అయిపోతుంది, తక్కువ వెలుతురులో కూడా చూడటానికి. 2013లో దీని మీద రీసెర్చ్ పేపర్ వచ్చింది. జీన్స్ మార్చక్కర్లేదు, అది అప్పటికే సైన్స్ ఫిక్షన్ జంతువు.

తెనాలి_క్యారల్స్

ఆలస్యంగా చూశాను. మేం క్రిస్టియన్స్‌మి, మా ఇంట్లో శాంటా అంటే క్యారల్స్ రౌండ్స్‌కి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ మాస్క్ పెట్టుకుని చాక్లెట్లు పంచే క్రిస్మస్ తాత, అంతకుమించి ఏం లేదు, మా అమ్మమ్మకైతే ఆ తాత అంటేనే చిరాకు, పండగ ఎవరిదో మర్చిపోయార్రా అనేది. కాబట్టి శాంటాని ఏ జాతివాడిని చేసినా మా నమ్మకానికి తగిలేదేం లేదు, మీ గ్రూప్‌లో ఎవరైనా మొహమాటపడుతుంటే చెప్పండి.

కానీ అన్నయ్యా, ఇన్ని రాక్షసుల గురించి చెప్పారు, అసలు నికోలస్ కథ ఎవరూ ఎత్తలేదు. ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి బిషప్, నాలుగో శతాబ్దం. ఆయన మీద చెప్పే కథల్లో అన్నిటికంటే పేరున్నది ఏంటంటే ఒక బీద తండ్రి, ముగ్గురు కూతుళ్ళు, కట్నం ఇచ్చే స్తోమత లేదు, పెళ్ళి కాకపోతే వాళ్ళని ఒళ్ళమ్ముకునే చోటికి పంపాల్సిన గతి. నికోలస్ ఎవరికీ తెలియకుండా రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట విసిరి పోతాడు, ఒక్కో అమ్మాయికి ఒక్కోటి, మూడోసారి తండ్రి కాపు కాసి పట్టుకుంటాడు. మేజోళ్ళలో బహుమతులు పెట్టే ఆచారం ఇక్కడిదే అంటారు. ఇంకో కథలో కరువు రోజుల్లో ఒక కసాయి ముగ్గురు పిల్లల్ని నరికి ఉప్పు తొట్టెలో ఊరేస్తే ఈయన వచ్చి బతికిస్తాడు. 1087లో ఇటలీలో బారి ఊరి నావికులు ఆయన ఎముకల్ని సమాధిలోంచి ఎత్తుకుపోయారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

కట్నం కథ మన తెలుగువాళ్ళ గ్రూప్‌లో చెప్పి చూడండి, శాంటా పిల్లల టాపిక్ అన్నవాళ్ళు ఏమంటారో. ఈ సిరీస్ మీద నా కంప్లైంట్ కూడా అదే, నికోలస్ అని పేరు పెట్టారు, కానీ ఆ బీదరికం కథలోకి రాలేదు, అంతా మంచు, మెషీన్లు, ఎవరు ప్రపంచాన్ని గెలుస్తారు అన్న గోల.

పిలగాడు_కరీంనగర్

ఈ కథ నాకు తెల్వదు. గిది రాస్తే నేను కొంట. ఆ మూడో అమ్మాయి తరఫు నుంచి రాయాలె, ఇద్దరి పెళ్ళిళ్ళు అయినయి, మూడో మూట వస్తదో రాదో అని కిటికీ దిక్కు జూస్కుంట కూసున్నది. సైన్స్ ఏమన్న పెట్టాలంటే మాష్టారు జెప్పిన బుడగ ఒక్కటి చాలు, ఇంకేం వద్దు.

లెక్కల_మాష్టారు

ఒక్క అబద్ధం చాలు అన్నమాట, బాగుంది. చదువరి గారూ, మంచు గురించి ఇంకో మాట. ఈ మొదటి పుస్తకం వచ్చిన 2012లోనే, సెప్టెంబర్‌లో, ఆర్కిటిక్ మంచు శాటిలైట్ రికార్డుల్లో అన్నిటికంటే తక్కువకి, సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకి పడిపోయింది. ఔలు గారు చెప్పినట్టు ఊరు మార్చుకుంటూ పోవాలన్నా ఎల్వెన్ వాళ్ళకి ఇప్పుడు మారే చోటు తగ్గిపోతోంది. ‘ఇంక దాక్కోవడం ఆపి బయటికి పోదాం’ అన్న విలన్ మాట 1800ల్లో దురాశ, ఇవాళ్టి రోజున మాత్రం వాడి వాదన కొట్టిపారేయలేం. గ్రూప్‌లో ఓటు పెట్టండి, మీరు ఎల్వెన్ అయితే ఎవరి వైపు అని.

రాత్రిపూట_చదువరి

ఇది పెడతా. డిసెంబర్ మూడో ఆదివారం మీటింగ్, మొదటి పుస్తకం ఒక్కటే, రెండోదీ మూడోదీ ఇష్టమున్నవాళ్ళు చదువుకుంటారు. ముందు కట్నం కథ, తర్వాత ప్యారీ, ఆ తర్వాత ఓటు. ఫిజిక్స్ ఆయనకి 380 ఏళ్ళ లెక్క ముందే వాట్సాప్ చేసేశా, 31 గంటలు తప్పు, ఉత్తర దేశాల్లో డిసెంబర్ రాత్రి ఇంకా పొడుగు కదా అని అప్పుడే రెండు మెసేజ్‌లు పెట్టాడు.